ఇద్దరూ ఒకే టిక్ పెట్టారా?

శ్రోతలకి నమస్కారమండి. సర్వే కాగితం చివర్లో "మీ అభిప్రాయం రాయండి" అని నాలుగు ఖాళీ గీతలు ఉంటాయి కదా, ఇవాళ వాటి సంగతి మాట్లాడుకుందాం. పైన ఒకటి నుంచి ఐదు దాకా టిక్ పెట్టే పద్ధతి 1932లో రెన్సిస్ లైకర్ట్ చూపించాడు, అది కూడుకోవడం ఈజీ. చేత్తో రాసిన మాటలు అలా కాదు, ఎవరో కూర్చుని చదివి ఇది అనుకూలం, ఇది వ్యతిరేకం అని వెయ్యాలి.

మన బెంగళూరు మెట్రోనే తీసుకోండి. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ ఛార్జీ 60 నుంచి 90 రూపాయలయింది. వైట్‌ఫీల్డ్ పీజీలో ఉండే మన కుర్రాడు ఒకడు ఇలా రాశాడనుకుందాం: "మెట్రో లేకపోతే టిన్ ఫ్యాక్టరీ ట్రాఫిక్‌లో సచ్చేవాణ్ణి, కానీ టికెట్‌కే ఇంత పోతే ఇంటికేం పంపాలి?" చదివిన ఒకాయన అనుకూలం అన్నాడు, ఇంకొకావిడ వ్యతిరేకం అంది. నన్నడిగితే ఇద్దరూ రైటే. ఆయన రైలు గురించి వేశాడు, ఆవిడ ఛార్జీ గురించి వేసింది. దేని మీద అభిప్రాయమో ముందు తేల్చుకోలేదు, అంతే.

సరే, ఇద్దరూ 100 కాగితాలు చదివితే 80 చోట్ల కలిశారనుకోండి. అబ్బో అనిపిస్తుంది కదా! ఆగండి. ఇద్దరూ నూటికి 80 అనుకూలం వేసే రకమైతే, కాగితం చదవకుండా అంతే లెక్కన గుడ్డిగా టిక్కులు పెట్టుకుంటూ పోయినా సగటున 68 చోట్ల కలుస్తారు. అనుకూలంలో 64 (80లో నూటికి 80), వ్యతిరేకంలో 4 (20లో నూటికి 20). అంటే చదివినందుకు వచ్చింది 80లో 68 పోగా 12, రావడానికి ఉన్నది 100లో 68 పోగా 32. పన్నెండుని ముప్పై రెండుతో భాగిస్తే సుమారు 0.38. ఇదే 1960లో జేకబ్ కోహెన్ చెప్పిన కప్పా, అంటే గుడ్డిగా కలిసినవి తీసేసి ఇద్దరూ ఎంత కలిశారో చెప్పే కొలత; అన్ని చోట్లా కలిస్తే అది 1. 80 శాతం అని రిపోర్టులో రాసుకుని మురిసిపోయేవాళ్ళకి ఈ 0.38 చూపించాలనిపిస్తుంది నాకు.

మీ కాలేజీలోనో అపార్ట్‌మెంట్‌లోనో ఇలాంటి పని పడితే ఒక్కటి చెయ్యండి. కొన్ని కాగితాలు తీసి, ఇద్దరూ విడివిడిగా, ఒకరి టిక్ ఒకరికి కనపడకుండా వెయ్యండి. తర్వాత ఎక్కడ తేడా వచ్చిందో చూసి, పోట్లాడుకుని, రూల్ రాసుకుని, మిగతావి మొదలుపెట్టండి, అవి కూడా విడివిడిగానే. లెక్క మాత్రం మాట్లాడుకోకముందు వేసిన టిక్కుల మీదే కట్టండి, రబ్బరు పెట్టి చెరిపేసి సర్దుకున్నాక కాదు. ఆ మొదటి టిక్కులు పెన్నుతో పెట్టించండి.