పొయ్యికి టాకా వేసే ముందు

శ్రోతలకు నమస్కారం.

కార్తీక మాసం ఇంకో పది రోజుల్లో ఉందనగా మా వెల్డింగ్ షాపు ముందు పొయ్యిలు బారులు తీరతాయి. విజయవాడ ఆటోనగర్‌లో మామూలు రోజుల్లో మాకు లారీ బాడీలు, గేట్లు, గ్రిల్సే పని. వనభోజనాల సీజన్ వచ్చిందంటే కేటరింగ్ వాళ్ల భట్టీ పొయ్యిలు, కాళ్లు విరిగిన స్టాండ్లు, గాడిపొయ్యి మీద వేసే ఇనుప చువ్వలు, చికెన్ కాల్చే జాలీలు, టిఫిన్ బండి పెనాలు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. తెచ్చిన ప్రతివాళ్లదీ ఒకటే మాట: "ఒక్క టాకా వెయ్యన్నా, రెండు నిమిషాల పని!" టాకా అంటే చిన్న వెల్డింగ్ అతుకు.

వెల్డింగ్ రాడ్డు కాలేది రెండు నిమిషాలే, కాదనను. దానికి ముందు గంట పని ఉంటుంది. ఈ రోజు ఆ గంట గురించి చెబుతాను.

పొయ్యి చూడ్డానికి ఒకటే వస్తువు గానీ అందులో ఇనుము ఒకటే రకం ఉండదు. స్టాండు మైల్డ్ స్టీల్, అంటే మామూలు ఇనుప యాంగిల్. బర్నర్ చాలావాటికి పోత ఇనుము. చుట్టూ ఉండే ట్రే స్టెయిన్‌లెస్ స్టీల్. ఎప్పుడో ఎవరో రిపేరు చేసి అతికించిన జి.ఐ. పైపు, అంటే జింకు పూత వేసిన ఇనుప పైపు ముక్క ఒకటి. పైన అంతా నల్లటి మసి, జిడ్డు. అది పోయేదాకా ఏది ఏమిటో తెలీదు. జిడ్డు మీద వెల్డింగ్ చేస్తే లోపలంతా బుడగలు మిగిలి, బజ్జీలా పొంగుతుంది. అందుకని ముందు కాల్చి, గీకి, గ్రైండర్ పెడతాం. గ్రైండర్ పెట్టినప్పుడే లోహం తన పేరు చెప్పేస్తుంది. మైల్డ్ స్టీల్ అయితే నిప్పురవ్వలు పొడుగ్గా, తెల్లగా ఎగురుతాయి. పోత ఇనుముకి పొట్టిగా, ఎర్రగా వచ్చి ఆరిపోతాయి.

ఈ పోత ఇనుము దగ్గర నేనొకసారి పరువు పోగొట్టుకున్నాను. పని నేర్చుకునే రోజులు. మాఘ మాసం, రాత్రి ఎనిమిదైంది. తెల్లారితే పెళ్లి వంట అంటూ ఒకాయన పగిలిన బర్నర్ తెచ్చాడు. మా మేస్త్రి భోజనానికి వెళ్లాడు. నేనే మొనగాణ్ణనుకుని మామూలు రాడ్డుతో గబగబా పూసేశాను. చూడ్డానికి చక్కగా ఉంది. ఆయన డబ్బులు తీస్తుండగా 'టింగ్' మని చప్పుడైంది. నా వెల్డింగ్ పక్కనే జానెడు కొత్త పగులు! మేస్త్రి వచ్చి చూసి, "మొదటి పగులు ఆయనది, రెండోది నీదిరా. దాని డబ్బులెవరిస్తారు?" అన్నాడు.

ఎందుకలా అయిందో తర్వాత మేస్త్రే చెప్పాడు. పోత ఇనుములో కార్బన్ నూటికి రెండు నుంచి నాలుగు పాళ్లు ఉంటుంది. అది సాగదు. కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుని పక్కనున్న ఇనుమును లాగుతుంది. మైల్డ్ స్టీల్ అయితే కాస్త సాగి ఊరుకుంటుంది, పోత ఇనుము పగిలిపోతుంది. కాబట్టి పగులు రెండు కొసల్లో ముందు చిన్న రంధ్రం వేయాలి, అది ఇంకా పాకకుండా. బర్నర్ మొత్తాన్ని నెమ్మదిగా వేడి చేయాలి. నికెల్ రాడ్డుతో అంగుళం వేసి, ఆగి, చిన్న సుత్తితో తట్టి, మళ్లీ అంగుళం. అయ్యాక వేడి బూడిదలో కప్పి తెల్లవార్లూ వదిలేయాలి. నికెల్ రాడ్డు ఖరీదు చూస్తే చాలామందికి కొత్త బర్నరే చౌక. ఆ మాట ముందే చెబితే ఒక బేరం పోతుంది. పోనీ.

పెనాల సంగతి వేరు. కాలిన పెనం మీద నీళ్లు చల్లి చీపురుతో ఊడ్చడం మన అలవాటు. దోసె బాగా రావాలంటే అది కావాల్సిందే, నేనూ తింటాను కదా! కానీ చెంబుడు నీళ్లు కుమ్మరిస్తే మాత్రం పెనం వంకర తిరుగుతుంది.

స్టెయిన్‌లెస్ అనగానే అందరూ అయస్కాంతం తీస్తారు. అంటుకోకపోతే అది మేలైన 304 రకమేనని నమ్మకం. చౌకైన 202 రకానికీ అయస్కాంతం అంటుకోదండీ. 304లో క్రోమియం సుమారు 18 పాళ్లు, నికెల్ 8 పాళ్లు. తుప్పు పట్టకుండా కాపాడేది ఆ క్రోమియం పొరే. వెల్డింగ్ చేసినచోట నీలంగా రంగు తిరిగితే అక్కడ పొర చెడినట్టు. ఆ నీలం తీయకుండా ఇస్తే కొన్నాళ్లకు అక్కడే తుప్పు మొదలవుతుంది. మామూలు ఇనుము గీకిన బ్రష్‌తో దీన్ని గీకినా అంతే.

ఇక జి.ఐ. దీని మీద ఉండే జింకు పూత 907 డిగ్రీల దగ్గరే ఆవిరైపోతుంది. ఇనుము కరగడానికి 1500 దాటాలి. అంటే ఇనుము కరిగేలోపు జింకంతా తెల్లటి పొగై మన ముక్కులోకి వస్తుంది. ఆ సాయంత్రానికి చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు. మలేరియా అనుకుని పరీక్షలకు వెళ్లినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. పాలు తాగితే పోతుందంటారు గానీ, పూత గీకేసి, గాలి ఆడేచోట పని చేయడమే దారి. మాంసం కాల్చే జాలీకి జి.ఐ. తీగ వాడనే వాడకండి. నేనైతే అలాంటి జాలీ తెస్తే వెనక్కి పంపేస్తాను.

పాత నూనె డ్రమ్మును నిలువునా కోసి బొగ్గుల పొయ్యి చేయించుకోవడం ఇప్పుడు బాగా ఎక్కువైంది. ఖాళీ డ్రమ్మే కదా అనుకోవద్దు. లోపల మంటంటుకునే ఆవిరి ఉంటుంది. మంట తగిలితే డ్రమ్ము బాంబులా పేలుతుంది. అందులో ఇదివరకు ఏం పోశారో మీకు తెలియకపోతే ఆ డ్రమ్మును తేకండి. తెలిసినా సరే, కడిగి, కోసే చోటి దాకా నీళ్లు నింపాకే మేం కట్టర్ పెడతాం.

గ్యాసు పైపుకి కన్నం పడిందని తెస్తారు. దానికి అతుకు వేయను, పైపే మారుస్తాను. మార్చాక సబ్బు నురగ పూసి, బుడగ వస్తోందేమో చూసి గానీ ఇవ్వను. వంటగ్యాసు గాలికన్నా బరువు. లీకైతే పైకి పోదు, నేల మీద పాకి కాలువలోనో గుంతలోనో చేరి కూర్చుంటుంది.

ఇంకో మాట. పొయ్యి అయ్యేదాకా పిల్లల్ని తీసుకొచ్చి మా ముందు నిలబెట్టకండి. వెల్డింగ్ ఆర్క్ వెలుగు చూస్తే అప్పటికి ఏమీ అనిపించదు. అర్ధరాత్రి కళ్లల్లో ఇసుక పోసినట్టు మంటతో లేస్తారు.

ఈసారి వనభోజనాలకు పొయ్యి బాగు చేయించాలనుకునేవాళ్లు ముందురోజు రాత్రి కాకుండా ఒక వారం ముందే రండి. జిడ్డు మీరే కడుక్కుని వస్తే కూలి తగ్గిస్తాను. వచ్చేటప్పుడు సిలిండర్ మాత్రం ఇంట్లోనే వదిలేసి రండి.

నమస్కారం.