పదిన్నరకి ఎవరు ఎదురుచూస్తారు?

అందరికీ నమస్కారం. కార్యదర్శి గారు మొన్న ఫోను చేసి, "సార్, ఈసారి కొత్తగా రిటైరైన వాళ్లు ఎక్కువ మంది వస్తున్నారు, ఖాళీ టైము ఎట్టా వాడుకోవాలో నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. ఒప్పుకున్నాను. కానీ ఆ సంగతి నాకే ఎనిమిది నెలల దాకా తెలియలేదు. ముందు ఆ ఎనిమిది నెలలు ఎట్టా తగలేశానో చెబుతాను.

లెక్క ప్రకారం నేను 2022 మేలో దిగిపోవాలి. ఆ జనవరిలోనే ప్రభుత్వం రిటైర్మెంటు వయసు 60 నుంచి 62కి పెంచింది. బీరువా తాళాలు అప్పజెప్పడానికి సిద్ధమైనవాణ్ణి మళ్లీ కుర్చీలో కూర్చున్నాను. ఇంకా రెండేళ్లుంది కదా, తర్వాత ఏం చేయాలో నిదానంగా ఆలోచిద్దాం అనుకున్నాను. ఆలోచించలేదు. 2024 మే 31న శాలువా కప్పి, దండ వేసి పంపించారు.

సోమవారం, జూన్ 3. రోళ్లు పగిలే రోహిణి కార్తె. ఐదింటికే మెలకువ వచ్చింది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తొమ్మిదిన్నరకి స్కూటర్ స్టాండు తీశాను. అప్పుడు గుర్తొచ్చింది. మా ఆవిడ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది, ఒక్క మాట అనలేదు. మళ్లీ స్టాండు వేసి, అదే చొక్కాతో టీవీ ముందు కూర్చున్నాను. మర్నాడే ఓట్ల లెక్కింపు, టీవీలో సందడికి కొదవ లేదు. లెక్కింపు అయిపోయింది, మా ఇంట్లో టీవీ మాత్రం ఆగలేదు.

తర్వాత "బావ ఖాళీయే కదా" అనే మాట చుట్టాల్లో పాకింది. వీళ్ల కరెంటు బిల్లు, వాళ్ల గ్యాసు, మేనకోడలి సంబంధం కోసం కావలి వెళ్లి రావడం. అవి చేయకూడదని కాదు. కానీ మీరు మాత్రం 'ఖాళీగా ఉన్నాను' అనకండి. మన నెల్లూరులో ఖాళీగా కనిపిస్తే స్థలాన్నే వదలరు, మనిషిని వదులుతారా?

ఇట్టా కాదని పెద్ద లిస్టు రాసుకున్నాను. యోగా, మిద్దె తోట, భారతం. తిక్కన గారు 15 పర్వాలు రాసింది మన ఊళ్లోనే, అదీ మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న మనిషి. ఆయన రాసినవి మనం కనీసం చదవకపోతే ఎట్టా అని విరాటపర్వంతో మొదలుపెట్టాను. ఉద్యోగపర్వంలో ఆగిపోయాను. నవ్వండి, మా ఆవిడా నవ్వింది.

2025 జనవరిలో లైఫ్ సర్టిఫికెట్, అంటే పెన్షన్ ఆగకుండా 'బతికే ఉన్నాం' అని ఏటా ఇచ్చే రుజువు, ఇవ్వాల్సి వచ్చింది. నాది ఫోన్‌లోనే అయిపోయింది, ఊరికే వాకబు చేద్దామని ఆఫీసుకి వెళ్లాను. వరండాలో కోవూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. భర్త అటెండరుగా చేసి పోయాడు, ఫ్యామిలీ పెన్షన్. మిషను మీద ఏ వేలు పెట్టినా పడటం లేదు. చిన్నప్పట్నుంచీ నాట్లేసిన చేతులు, గీతలన్నీ అరిగిపోయాయి.

ఈ సర్టిఫికెట్‌ని ఆన్‌లైన్‌లో ఇచ్చే పద్ధతి పేరు జీవన్ ప్రమాణ్. 2014 నవంబరులో మొదలైన దానికి ఇప్పుడు వేలిముద్రే కానక్కర్లేదు, ముఖం చూపించినా చాలు. ఆమె మనవడి ఫోన్‌లో ఆ యాప్, ఆధార్ ముఖం యాప్ రెండూ వేయించాను. ఆధార్ నంబరు, పీపీఓ నంబరు (పెన్షన్ ఆర్డరు మీద ఉండే నంబరు), ఓటీపీ అయ్యాయి. ముఖం దగ్గరే చిక్కొచ్చింది. వరండా చీకటి. బయటికి తీసుకొచ్చి, వెలుతురు ఎదురుగా పడేట్టు నిలబెట్టి, కళ్లద్దాలు తీయించాను. రెప్ప కొట్టమ్మా అంటే దణ్ణం పెట్టుకున్నట్టు గట్టిగా కళ్లు మూసుకుంది. మూడోసారికి అయింది. ప్రమాణ్ ఐడీ మెసేజ్ వచ్చింది.

"రేపు మా తోడికోడల్ని తీసుకొస్తా. పదిన్నరకి ఇక్కడే ఉంటావా నాయనా?" అంది.

"ఉంటానమ్మా" అన్నాను. ఎనిమిది నెలల తర్వాత పదిన్నర అనే టైముకి నన్ను ఎవరో రమ్మన్నారు. ఆ రాత్రి టీవీ పెట్టలేదు. నాకు కావాల్సింది లిస్టు కాదు, గడియారం చూసుకుని నా కోసం ఎదురుచూసే ఒక మనిషి అని అప్పుడర్థమైంది. మీకది లైఫ్ సర్టిఫికెట్టే కానక్కర్లేదు. పదో తరగతి పిల్లాడికి లెక్కలు కావచ్చు, మంచంలో ఉన్న పాత కొలీగుకి పేపరు చదివి పెట్టడం కావచ్చు. రోజూ అక్కర్లేదు. నేను వారానికి రెండు రోజులు, రెండేసి గంటలు మా వీధి రామాలయం మండపంలో కూర్చుంటాను. మిగతా టైము ఎట్టా పోతోందో పట్టించుకోవడం మానేశాను.

ఒక జాగ్రత్త. ఫోను వాళ్ల చేతిలోనే ఉండాలి, ఓటీపీ వాళ్లో వాళ్ల పిల్లలో కొట్టాలి, మనం వేలితో చూపించాలి అంతే. రూపాయి ముట్టుకోకూడదు. ఇంకోటి, పాత బుద్ధి ఎక్కడికీ పోదు. పోయిన నెల ఒకాయనతో నోరు జారి "రేపు రండి" అన్నాను. "ఇంకా రిటైర్ కాలేదా సారూ?" అన్నాడు.

లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి మన రాష్ట్ర పెన్షనర్లకి జనవరి, ఫిబ్రవరి. రైల్వే, పోస్టల్ లాంటి కేంద్రం వాళ్లకి నవంబరు, 80 దాటినవాళ్లకి అక్టోబరు నుంచే. వాళ్లు వచ్చే రోజులు దగ్గర పడ్డాయి, నాకు ఇంకో ఇద్దరు కావాలి. పదిన్నరకి రండి. మండపంలో ప్లగ్గు లేదు, పవర్ బ్యాంకు ఉంటే తెచ్చుకోండి.