రాజు గెలుపు స్తంభం మీద శిల్పుల పేర్లు

శ్రోతలకు నమస్కారం. ఈ రోజు రాజస్థాన్‌లోని చిత్తోడ్‌గఢ్ కోటలో ఉన్న విజయస్తంభం గురించి మాట్లాడుకుందాం. స్తంభం అనగానే గుడి ముందు ధ్వజస్తంభంలాంటిది అనుకోకండి, ఇది తొమ్మిది అంతస్తుల కట్టడం, సుమారు 37 మీటర్ల ఎత్తు, లోపల 157 మెట్లు, ఆ మెట్లు కూడా ఒకసారి మధ్య గదిలోంచి, ఇంకోసారి దాని చుట్టూ ఉన్న వసారాలోంచి, అలా మారుతూ పైకి వెళ్తాయి.

మాళ్వా (ఇప్పటి మధ్యప్రదేశ్‌లోని ప్రాంతం) సుల్తాన్ మహమూద్ ఖిల్జీ మీద గెలిచినందుకు గుర్తుగా, చిత్తోడ్ రాజధానిగా ఉన్న మేవాడ్ రాజ్యం రాజు రాణా కుంభా దీన్ని కట్టించాడని చెబుతారు. అది 15వ శతాబ్దం. అయితే ఆ మహమూద్ ఖిల్జీ కూడా ఊరుకోలేదు, మేవాడ్ మీద గెలిచింది నేనేనంటూ తన రాజధాని మాండూలో ఏడంతస్తుల స్తంభం లేపాడు! అది కూలిపోయింది, ఇప్పుడు అడుగు భాగమే మిగిలింది. చిత్తోడ్‌ది మాత్రం నిలబడింది. పిడుగు పడి పైన గుమ్మటం దెబ్బతింటే 19వ శతాబ్దంలో మళ్లీ కట్టారు.

నాకు మాత్రం యుద్ధం కన్నా ఆ గోడలే ముఖ్యం. ఎటు చూసినా బొమ్మలే, దేవతలు, ఋతువులు, ఆయుధాలు, వాద్యాలు, పైగా చాలా బొమ్మల కింద అది ఎవరో పేరు కూడా చెక్కారు, చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలో రాసినట్టు. విష్ణువుకు అంకితం చేసిన ఈ కట్టడం మూడో అంతస్తులో అరబిక్ అక్షరాల్లో అల్లా పేరు ఉంది. సుల్తాన్ మీద గెలిచానని కట్టిన చోటే ఆ పేరు చెక్కించారంటే నాకు ఆ రాజు మీద గౌరవం పెరిగింది.

ఇక ఐదో అంతస్తు. అక్కడ జైతా అనే శిల్పి పేరు, ఆయనకు సాయపడిన ముగ్గురు కొడుకులు నాపా, పూజా, పోమాల పేర్లు, వాళ్ల బొమ్మలతో సహా ఉన్నాయి. జైతాను సూత్రధారి అంటారు. మనం ఆ మాటను నాటకాల్లో వాడతాం, అక్కడ మాత్రం నూలుతాడు పట్టి కొలిచి కట్టించే పెద్ద మేస్త్రి అని అర్థం. ఎన్నో పెద్ద పెద్ద గుళ్లు చూసి, ఇది ఎవరు చెక్కారని అడిగితే జవాబు దొరక్క వెనక్కి వచ్చినవాళ్లం మనం. ఇక్కడ తండ్రీకొడుకులు నలుగురూ పేర్లతో సహా కనిపిస్తారు.

మీలో ఎవరైనా ఉదయ్‌పూర్ వైపు వెళ్తే ఒక పూట చిత్తోడ్‌కు కేటాయించండి. కింద నిలబడి ఫొటో తీసుకుని వచ్చేయకుండా, ఆ నలుగురి గురించి అక్కడి గైడ్‌ను అడగండి.