బంగారు తీగకు జీర్ణాశయం లేదు

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

ఈరోజు జులై 10. 1957లో ఇదే రోజున ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి, అలికున్హి గార్లు కార్ప్ చేపకు హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి గుడ్లు పెట్టించారు. అందుకే మనం ఈ రోజును చేపల రైతుల దినంగా జరుపుకుంటున్నాం. ఆ ఏడాదే బ్యాంకాక్ నుంచి పొలుసుల బంగారు తీగ, అంటే కామన్ కార్ప్ చేప, మన దేశానికి వచ్చింది. శీలావతి (రోహు), బొచ్చె (కట్ల) చేపల మేత గురించి మన కొల్లేరు వైపు ఎవరిని అడిగినా చెబుతారు. బంగారు తీగ సంగతి మాత్రం వాటి లెక్కలోనే కలిపేస్తాం. అది నాకు బాధగా ఉంటుంది.

ఈ చేపకు జీర్ణాశయం లేదు. గొంతులోని పళ్లతో నమిలింది నేరుగా పేగులోకే పోతుంది. గేదెలా పొట్ట నింపుకుని తీరిగ్గా నెమరు వేసే వీలు దానికి లేదు. ఉదయం ఒక్కసారే మేతంతా వేస్తే చాలా భాగం వంటబట్టదు. అదే మేతను రెండు మూడు పూటలుగా వేయండి, తేడా మీకే తెలుస్తుంది.

జీర్ణాశయం లేదంటే అందులో ఊరే ఆమ్లమూ లేదు. తవుడులో భాస్వరం బోలెడు ఉన్నా, ఎక్కువ భాగం ఫైటేట్ అనే బిగుసుకున్న రూపంలో ఉంటుంది. ఈ చేప దాన్ని విడదీసుకోలేదు. చేపల పొడిలోని ఎముకల భాస్వరం కూడా ఆమ్లం లేక చాలావరకు కరగదు. ఒంటికి పట్టనిది నీళ్లలో కలుస్తుంది. నీరు ముదురు పచ్చగా మారుతుంది. తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. టార్చిలైటు పట్టుకుని గట్టు మీద మనం పడే ఆ టెన్షన్‌కు మూలం చాలాసార్లు మేత సంచిలోనే ఉంటుంది. మినరల్ మిక్చర్ కొనేటప్పుడు సులువుగా కరిగే మోనో కాల్షియం ఫాస్ఫేట్ ఉందో లేదో చదివి చూడండి. ట్రై కాల్షియం ఫాస్ఫేట్ అయితే బంగారు తీగకు దాదాపు దండగే.

ఇక ఎంత వేయాలి? 500 చేపలు, ఒక్కోటి సగటున 400 గ్రాములు అనుకోండి. మొత్తం 200 కిలోలు. ఆ బరువులో 3 శాతం చొప్పున రోజుకు 6 కిలోల మేత. చేప పెరిగేకొద్దీ ఈ శాతం తగ్గించాలి. పోయిన నెల వేసినంతే ఈ నెలా వేయడం లెక్క కాదు. పదిహేను రోజులకోసారి విసురు వల వేసి ముప్పై చేపలైనా తూచండి. మబ్బు పట్టిన రోజు, చేపలు తేలిన రోజు మేత ఆపేయండి. చలికాలంలో నీళ్లు చల్లబడితే ఆకలీ తగ్గుతుంది, కాబట్టి ఎండెక్కాక వేయండి.

చిల్లుల సంచుల్లో తవుడు కట్టే పద్ధతి మంచిదే. కానీ బంగారు తీగ అడుగున బురద తవ్వి పురుగులు తినే చేప. సంచి మీద మూగేది ఎక్కువగా శీలావతే. అందుకని తడిపిన నూనె గింజల చెక్క, తవుడు ముద్దలుగా చేసి ట్రేలలో అడుగుకు దించండి. రెండు గంటల తర్వాత పైకి తీసి చూడండి. మిగిలి ఉంటే మర్నాడు తగ్గించండి.

ఇంకొక్క మాట. మన వేడికి ఈ చేప ఆరు నెలలకే గుడ్లకు వస్తుంది. అప్పటినుంచి తిన్నదంతా కండకు పోదు. నా చెరువులో ఒక ఏడు తూకం బాగా వచ్చిందని సంబరపడ్డాను. కోసి చూస్తే లోపల నిండా గుడ్లే. ఆ తర్వాత నుంచి తూచేటప్పుడు ప్రతిసారీ నాలుగు చేపల పొట్ట నొక్కి చూస్తున్నాను. మెత్తగా ఉబ్బినవి ఎక్కువగా కనబడితే ఇక మేత పెంచను, పట్టుబడికి కబురు పెడతాను.