వెనక సీటు కోసం పుట్టిన కారు

అందరికీ నమస్కారం. సభామర్యాదలు అధ్యక్షులవారే పూర్తి చేశారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మన పెద్దవాళ్ళు 'బేబీ ఆస్టిన్' అని ముద్దుగా పిలిచిన ఆస్టిన్ సెవెన్, ఈ బర్మింగ్‌హామ్‌లోనే, లాంగ్‌బ్రిడ్జ్‌లో 1922 నుంచి 1939 దాకా తయారైంది. సుమారు 2,90,000 కార్లు! కంపెనీ స్థాపకుడు హెర్బర్ట్ ఆస్టిన్ ఇంట్లో, బిలియర్డ్స్ గదిలో కూర్చుని 18 ఏళ్ల స్టాన్లీ ఎడ్జ్ దాని నక్షాలు గీశాడు. బోర్డు సభ్యులకు నమ్మకం కుదరక ఆస్టిన్ సొంత డబ్బు పెట్టాడు. తర్వాత కారుకు రెండు గినీల (గినీ అంటే ఒక పౌండు, ఒక షిల్లింగు) చొప్పున రాయల్టీ అందుకున్నాడు.

ఇంత చిన్న ఇంజను ఎందుకంటే, పన్ను. 1921 నుంచి అప్పట్లో ఇక్కడ హార్స్‌పవర్‌కు ఏటా పౌండు కట్టాల్సి వచ్చేది. ఆ హార్స్‌పవర్‌ను సిలిండర్ల సంఖ్య, బోరు (అంటే సిలిండరు లోపలి వెడల్పు) చూసి లెక్కగట్టేవాళ్ళు. ఫోర్డ్ మోడల్ టీకి 23 పౌండ్లు పడితే సెవెన్‌కు 8. అందుకే బోరు 56 మిల్లీమీటర్లు, స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 76. మొత్తం 747 సీసీ.

అప్పట్లో ధర 165 పౌండ్లు. మోటారుసైకిల్ సైడ్‌కార్‌లో ఇల్లాలినీ పిల్లల్నీ ఎక్కించుకుని వానలో తడిసే మనిషికి నాలుగు చక్రాలు, నాలుగింటికీ బ్రేకులు, వెనక పిల్లలకు సీటు. ఆ వెనక సీటును గుర్తుపెట్టుకోండి.

నడపడం తెలియాలి. క్లచ్ పెడల్ కదిలేది అంగుళం లోపే. యాక్సిలరేటర్ తొక్కి క్లచ్ వదిలితే కారు కప్పలా గెంతుతుంది. ఇంజను ఐడిల్‌లో ఉండగానే మెల్లగా పూర్తిగా వదిలి, ఆ తర్వాతే యాక్సిలరేటర్ తొక్కాలి. పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే క్రాంక్‌షాఫ్ట్‌కు 1936 దాకా రెండే బేరింగులు. నడుమ ఆధారం లేని సన్నటి కడ్డీ కదా, టాప్ గేర్లో ఎత్తు ఎక్కించి ఇంజను మూలిగేలా చేసినా, మరీ ఎక్కువ తిప్పినా వంగి వంగి చివరికి విరుగుతుంది. ఇంజను విప్పినప్పుడల్లా పగుళ్ల పరీక్ష చేయించండి. పిస్టన్ కడ్డీలు క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టుకునే బిగ్ ఎండ్లకు నూనె సన్నటి జెట్ల నుంచి చిమ్ముతుంది. మడ్డి పడితే ఆ జెట్ మూసుకుపోయి బేరింగ్ కాలిపోతుంది. వాటికెదురుగా బయట ఉన్న ప్లగ్గులు విప్పి సన్నటి తీగతో శుభ్రం చేసుకోవచ్చు. వాల్వుల సందు 4 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు. నీటి పంపు లేదు, వేడినీళ్లు వాటంతటవే పైకెక్కాలి. రేడియేటర్‌లో నీటిమట్టం పై గొట్టం నోటికన్నా దిగితే ప్రవాహం ఆగి నీళ్లు మరుగుతాయి.

ఇంకా డైనమో, వైరింగు గురించి రాసుకొచ్చాను. అవన్నీ పక్కన పెడతాను. అయ్యా, అమ్మా, ఒక్క మాట చెప్పకపోతే మనసు ఊరుకోదు.

రూబీ సెలూన్లను కోసేస్తున్నారు. 1934లో వచ్చిన సెవెన్ రకమే అది, పైకప్పున్న నాలుగు సీట్ల బుజ్జి కారు. బాడీ ఊడబీకి, చాసిస్ (కారు అడుగు చట్రం) మీద అల్యూమినియం తొడుగు బిగించి రేసు కారంటున్నారు. 1950లలో పాడైపోయిన బాడీలు పారేసి స్పెషల్స్, అంటే సొంతంగా మలచుకున్న కార్లు, కట్టారు, అది ఆనాటి అవసరం. లోటస్ కార్ల సంస్థ పెట్టిన కొలిన్ చాప్‌మన్ మొదటి కారు కూడా సెవెన్ మీద కట్టిందే, కాదనను. కానీ ఇవాళ బాగున్న సెలూన్‌ని కోయడం దేనికండీ? కుటుంబం కోసం పుట్టిన కారుకి కుటుంబం కూర్చునే చోటే లేకుండా చేస్తే ఎలా?

కొనేవాళ్ళు ముందు వెనక భాగం చూడండి. చాసిస్ వెనక యాక్సిల్ దాకా రాదు, ముందే ఆగిపోతుంది. దాని చివర్ల నుంచి పావు స్ప్రింగులు (క్వార్టర్ ఎలిప్టిక్ పట్టీ స్ప్రింగులు) వెనక్కి పొడుచుకొస్తాయి. ఆ చివర్లు తుప్పుపట్టినా, స్ప్రింగు బిగింపులు వదులైనా కారు రోడ్డు మీద అటూ ఇటూ ఊగుతుంది. జనం స్టీరింగ్‌ను తిడతారు, తప్పు వెనకుంటుంది. తలుపుల అడుగులూ నేలరేకూ తట్టి చూడండి. రేకు పోతే రేకు అతికించండి. దయచేసి, బాడీ మాత్రం తీయకండి.

బయట నల్ల రూబీ ఒకటి నిలబెట్టాం. పిల్లల్ని వెనక సీట్లో ఎక్కించి చూడండి. నడిపేవాళ్ళు క్లచ్ మాత్రం నేను చెప్పినట్టే వదలండి.