పేరు తెలియని జబ్బుల వార్డు: జనరల్ మెడిసిన్‌లో వైద్యం, పరిశోధన

సభకు నమస్కారం.

నేను జనరల్ మెడిసిన్‌లో ఎం.డి. పూర్తి చేసి ఇంటికి వెళ్లిన రోజున మా మేనత్త ఒక ప్రశ్న వేసింది. "కంటికో డాక్టరు, పంటికో డాక్టరు ఉన్నారు కదా, నువ్వు దేనికి డాక్టరువి నాయనా?" అని. అప్పుడు సరైన జవాబు తోచక నవ్వి ఊరుకున్నాను. ముప్పై ఏళ్లు వార్డుల్లో తిరిగాక ఇప్పుడు చెప్పగలను. తన జబ్బుకు ఇంకా పేరు పడని మనిషి మొదట వచ్చేది మా దగ్గరికే. పది రోజులుగా తగ్గని జ్వరం, ఎందుకో తెలియని ఆయాసం, ఉన్నట్టుండి తగ్గిపోతున్న బరువు, వీటిలో ఏది గుండెకు చెందుతుందో, ఏది మూత్రపిండాలకు చెందుతుందో తేల్చి, అవసరమైతే తగిన విభాగానికి పంపి, అవసరం లేకపోతే మేమే నయం చేసి ఇంటికి పంపడం మా పని.

విశాఖపట్నంలో ఈ పనికి వందేళ్ల చరిత్ర ఉంది. ఇక్కడి వైద్య కళాశాల 1923 జూలైలో మొదలైంది. 1940లో దానికి ఆంధ్ర వైద్య కళాశాల అన్న పేరు వచ్చింది. దాని బోధనాసుపత్రి కింగ్ జార్జ్ ఆసుపత్రిని ఊళ్లో కేజీహెచ్ అంటారు, పల్లెల్లో పెద్దాసుపత్రి అంటారు. ఇచ్ఛాపురం నుంచి రైలెక్కి వచ్చేవారు, పాడేరు, అరకు కొండల నుంచి అంబులెన్సులో దిగేవారు ఒకే ఓ.పి. వరుసలో నిలబడతారు. ఇంత వైవిధ్యం ఉన్న వరుస ముందు కూర్చోవడమే మా విద్యార్థులకు దొరికే మొదటి పాఠం. ఓ.పి.లో ఎక్కువ భాగం షుగరు, బీపీ కేసులే. వాటి గురించి మీరు ఇప్పటికే చాలా విని ఉంటారు కనుక ఇవాళ వదిలేస్తాను.

క్యాజువాలిటీలో జరిగే ఒక చిన్న పరీక్షతో మొదలుపెడతాను. పాము కరిచిందని ఎవరినైనా తీసుకొస్తే, శుభ్రమైన పొడి గాజు గొట్టంలోకి రెండు మిల్లీలీటర్ల రక్తం తీసి, దాన్ని కదపకుండా ఇరవై నిమిషాలు నిలబెట్టి ఉంచుతాం. తర్వాత ఒక్కసారి వంచి చూస్తాం. రక్తం గడ్డకట్టకుండా నీళ్లలా జారితే రక్తపింజర జాతి విషం ఎక్కిందని అనుమానించి విరుగుడు మందు మొదలుపెడతాం. దీనికి యంత్రం అక్కర్లేదు, కరెంటూ అక్కర్లేదు. ఒక్క షరతు ఉంది: గొట్టం గాజుదే కావాలి. ప్లాస్టిక్ గొట్టంలో మామూలు రక్తం కూడా సరిగా గడ్డకట్టక మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కట్లపాము కాటులో మాత్రం ఈ పరీక్ష పనికిరాదు. ఆ విషం నరాల మీద పనిచేస్తుంది కనుక అక్కడ కనురెప్పలు వాలుతున్నాయా, ఊపిరి సరిగా అందుతోందా అని గంటగంటకూ చూస్తూ ఉండాల్సిందే.

ఇక జ్వరాల సంగతి. ఇందులో నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన తొలి రోజుల్లో, నేను పనిచేసిన ఒక ఆసుపత్రికి కొండవాలు పల్లె నుంచి నలభై ఏళ్ల మహిళ వారం రోజుల జ్వరంతో వచ్చింది. మలేరియా లేదు, టైఫాయిడ్ తేలలేదు. ఖరీదైన యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు మూడు రోజులు ఇచ్చినా జ్వరం దిగలేదు సరికదా, ఆయాసం మొదలైంది. నాలుగో రోజు ఉదయం ఒళ్లు తుడుస్తున్న స్టాఫ్ నర్సు నన్ను పిలిచి, "సార్, ఇది చూడండి" అంటూ రోగి చేయి పైకెత్తింది. చంకలో బఠాణీ గింజంత నల్లని పొక్కు, దాని చుట్టూ ఎర్రని వలయం, చుట్టతో కాల్చిన మచ్చలా ఉంది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని రోగిని అడిగితే ఆమె అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "నొప్పి నేదు, దురద నేదు. జొరానికొచ్చి పుండు సంగతేటి సెప్తాం బాబూ?"

ఆమె తప్పేమీ లేదు, వెతకాల్సినవాణ్ణి నేను. అది స్క్రబ్ టైఫస్. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి ఆననంత చిన్న పురుగు పిల్ల కుట్టడం వల్ల ఒంట్లోకి చేరే సూక్ష్మజీవి దీనికి కారణం. అది మన కణాల లోపల దాక్కుని బతుకుతుంది కనుక మేమిచ్చిన ఇంజెక్షన్లు దాన్ని తాకను కూడా తాకలేదు. చాలా చౌకైన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాక రెండు రోజుల్లో జ్వరం దిగింది. ఆ తర్వాత మా వార్డులో ఒక అలవాటు పెట్టాను: వానాకాలం నుంచి చలికాలం దాకా కారణం తెలియని జ్వరం ఏది వచ్చినా, చంకలు, గజ్జలు, రొమ్ముల కింది భాగం, నడుము కట్టు దగ్గర వెతికి, దొరికిందో లేదో కేస్ షీట్‌లో రాయాలి. ఏమీ దొరకకపోతే "దొరకలేదు" అనైనా రాసి తీరాలి.

పరిశోధన అనగానే చాలామందికి ప్రయోగశాల గుర్తొస్తుంది. నా దృష్టిలో అది కేస్ షీట్‌లోని ఆ గడి దగ్గర మొదలవుతుంది. "వెతికాం, దొరకలేదు" అని రాసిన షీట్లు వంద పోగైతే, మన ప్రాంతంలో ఎంతమందికి ఆ మచ్చ కనిపిస్తుందో పి.జి. విద్యార్థి లెక్క తీయగలడు. గడి ఖాళీగా ఉంటే తీయలేడు. వెతకలేదా, వెతికినా లేదా అన్నది ఖాళీ గడి చెప్పదు. వార్డు ప్రశ్నలు ఎంత దూరం వెళ్లగలవో చెప్పడానికి ఇదే జబ్బు చాలు. తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌కు డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇవ్వాలా, అజిత్రోమైసిన్ ఒక్కటే ఇవ్వాలా, రెండూ కలిపి ఇవ్వాలా అని మన దేశంలోనే పలు ఆసుపత్రులు కలిసి సుమారు 800 మంది రోగులపై పరీక్షించి 2023లో ఫలితం ప్రకటించాయి. రెండూ కలిపి ఇచ్చినవారిలో జబ్బు తాలూకు ఉపద్రవాలు తగ్గాయి, మరణాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆ రెండో మాట దాచకుండా చెప్పడం కూడా పరిశోధనలో భాగమే.

ఇలాంటి అధ్యయనంలో చేర్చే ముందు రోగికి సంగతంతా అతని భాషలో వివరించి సంతకం తీసుకోవాలి. సంతకం రానివారికి ఆసుపత్రితో సంబంధం లేని సాక్షి ఎదుట చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. రోగుల హక్కులకు భంగం కలగకుండా చూసే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) ఆమోదం లేనిదే మొదటి రోగిని కూడా చేర్చకూడదు. వద్దన్న మనిషికి వైద్యంలో ఏ లోటూ రాకూడదు. ఈ చివరి మాటను మా వాళ్లు గట్టిగా చెప్పరని నా ఫిర్యాదు. డాక్టరు అడిగాక కాదంటే మందు ఇవ్వరేమో అన్న భయంతో తలూపేవారు మన దగ్గర చాలామందే ఉన్నారు.

కొండ ప్రాంతాల నుంచి వచ్చే సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు) రోగుల విషయంలో కూడా పాత బాధల చరిత్ర అడగడమే కీలకం. చిన్నప్పటి నుంచి ఎముకల్లో నొప్పులంటూ ఊరూరా నొప్పి ఇంజెక్షన్లు వేయించుకుని, పాతికేళ్లకు గానీ రక్తపరీక్ష దాకా రాని యువకులను చూశాను. 2047 నాటికి ఈ జబ్బును నిర్మూలించాలని కేంద్రం 2023లో కార్యక్రమం మొదలుపెట్టింది. వ్యాధి తేలినవారికి హైడ్రాక్సీయూరియా అనే మందు క్రమం తప్పకుండా అందేలా చూడటమే అసలు కష్టం.

చివరగా ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, పలాస చుట్టుపక్కల కొబ్బరి, జీడి తోటల మధ్య ఉన్న ఆ పల్లెల నుంచి, షుగరూ బీపీ లేకుండానే మూత్రపిండాలు పాడైనవారు ఏళ్ల తరబడి విశాఖకు వస్తూనే ఉన్నారు. నీరు, ఎండలో శ్రమ, పురుగుమందులు, వంశపారంపర్యం, వీటన్నిటినీ పరిశీలించారు కానీ ఇదే కారణమని ఒకటీ తేలలేదు. ఈ జబ్బు తొలిదశలో బీపీ పెరగదు, మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, రోగికి ఏ బాధా ఉండదు. మూత్రపిండాలు పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ చూస్తేనే తెలుస్తుంది. ఒకసారి చూస్తే కూడా చాలదు, ఏళ్ల తరబడి చూడాలి. సరిగ్గా అక్కడే మేం ఓడిపోతుంటాం. డిశ్చార్జ్ అయిన మనిషి మళ్లీ కనిపించడు, ఫోన్ నంబరు మారిపోతుంది, పాత చీటీ వానకు తడిసిపోతుంది.

అయినా ఒకసారి సోంపేట వైపు నుంచి వచ్చిన కొబ్బరి రైతు ఒకాయన, బట్టల కొట్టు సంచిలోంచి రబ్బరు బ్యాండు వేసిన కట్ట తీసి నా బల్ల మీద పెట్టాడు. తొమ్మిదేళ్ల క్రియాటినిన్ చీటీలు. మా పి.జి. అమ్మాయి వాటిని తారీఖుల వారీగా మంచం మీద పరిచింది: 1.1, 1.3, 1.4, 1.9, 2.6. మధ్యలో రెండేళ్లు చీటీ లేదు. ఎందుకు లేదని ఆ అమ్మాయి అడిగితే, ఆ రెండేళ్లూ కూతురి పెళ్లి అప్పు తీర్చడానికి వేరే రాష్ట్రంలో పనికి వెళ్లానని, ఎక్కడ పనిచేశాడో, ఏ నీళ్లు తాగాడో వరసగా చెప్పుకొచ్చాడు. ఆ అమ్మాయి కేస్ షీట్ వెనక్కి తిప్పి, ఇంకో కాగితం అతికించి, రాయడం మొదలుపెట్టింది.