క్రిస్మస్‌కు మామిడి జామ్ శాండ్‌విచ్ బిస్కెట్లు: పిండికి చల్లదనం, జామ్‌కు చిక్కదనం

నమస్కారం అండి. క్రిస్మస్ పళ్ళెంలో గులాబీ పువ్వులు, కజ్జికాయలు ఎట్లాగూ ఉంటాయి. ఈసారి వాటి పక్కన ఇంకొకటి పెడదాం. రెండు పల్చటి బిస్కెట్లు, మధ్యలో మామిడి జామ్. పై బిస్కెట్‌కు నక్షత్రం ఆకారంలో చిన్న కిటికీ, ఆ కిటికీలో జామ్ పసుపు రంగులో మెరుస్తూ ఉంటుంది.

వీటిని లింజర్ బిస్కెట్లు అంటారు. ఆస్ట్రియాలో లింజ్ అని ఒక ఊరుంది, ఆ ఊరి పేరు మీద వచ్చిన లింజర్ టార్ట్ అనే పాత వంటకానికి ఇవి పిల్లలు. ఆ టార్ట్ తయారీ రాసిపెట్టిన ఒక చేతిరాత 1653 నాటిది. అక్కడివాళ్ళు బాదం పొడి కలిపిన పిండితో చేసి, రెడ్ కరెంట్ అనే పుల్లటి ఎర్ర పండ్ల జామ్ పెడతారు. మనకు ఆ పండు దొరకదు, దొరకాల్సిన పనీ లేదు. మన చిత్తూరు తోతాపురి మామిడి గుజ్జు ఉంది. డిసెంబరు మామిడి కాలం కాదు కానీ, జూన్, జూలైలో ఫ్యాక్టరీల్లో తీసిన గుజ్జు డబ్బాల్లో ఏడాది పొడుగునా దొరుకుతుంది. దానికి నిమ్మరసం తోడైతే ఈ బిస్కెట్‌కు కావలసిన పులుపూ తీపీ రెండూ వచ్చేస్తాయి.

ఈ బిస్కెట్ చెడేది రెండు చోట్ల. ఒవెన్‌లోకి పోకముందు పిండి వేడెక్కితే ఆకారం పోతుంది. ఒవెన్ నుంచి వచ్చాక జామ్‌లోని తడి బిస్కెట్‌కు ఎక్కితే కరకర పోతుంది. ఈ వీడియోలో ఎక్కువసేపు ఈ రెండింటి గురించే మాట్లాడతాం.

కొలతలు రాసుకోండి. మైదా 270 గ్రాములు. ఉప్పు లేని వెన్న 200 గ్రాములు. పొడి చక్కెర 100 గ్రాములు. వేరుశనగ పొడి 80 గ్రాములు. ఉప్పు పావు టీస్పూను, వెనిలా ఎసెన్స్ ఒక టీస్పూను, చల్లటి పాలు ఒకటి లేదా రెండు టేబుల్ స్పూన్లు. 6 సెంటీమీటర్ల కట్టర్‌తో కోస్తే 22 నుంచి 24 జతలు వస్తాయి. దయచేసి కప్పుతో కొలవొద్దు. ఒకే కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు, అదిమి నింపితే 150 గ్రాములు పడుతుంది. రెండు కప్పులకే 60 గ్రాముల తేడా వస్తే పిండి పొడిపొడిగా విరిగిపోతుంది. చిన్న డిజిటల్ కాటా ఒకటి కొనుక్కోండి, జామ్‌కు కూడా అదే పనికొస్తుంది, ఎట్లాగో తర్వాత చూపిస్తాం.

గుడ్డు వేయడం లేదు. పండగ పళ్ళెం మన ఇంటితో ఆగదు కదా, పక్కింటికీ ఎదురింటికీ పోతుంది. తిరుపతిలో గుడ్డు ముట్టని ఇళ్ళు చానా ఉన్నాయి. ఈ పిండికి గుడ్డు లేకపోయినా లోటేమీ లేదు, వెన్న, కొంచెం పాలు చాలు పిండి పట్టుకోవడానికి. బేకింగ్ పౌడర్ కూడా వద్దు. అది వేస్తే బిస్కెట్ ఉబ్బుతుంది, నక్షత్రం మొనలు మొద్దుబారి పువ్వులాగా అయిపోతుంది.

ముందు వేరుశనగ, మన చెనక్కాయలు. 90 గ్రాముల గింజలు సన్న సెగ మీద 8 నుంచి 10 నిమిషాలు వేయించి, పొట్టు తీసేయండి. పూర్తిగా చల్లారాలి. చేతికి కొంచెం వెచ్చగా తగిలినా మిక్సీలో వేయొద్దు. తూకం వేసిన మైదాలోంచే రెండు స్పూన్లు తీసి గింజలతో కలిపి, మిక్సీని ఒక్క క్షణం తిప్పడం, ఆపడం, మళ్ళీ తిప్పడం. ఆపకుండా తిప్పితే నూనె బయటికొచ్చి ముద్ద కడుతుంది, ఆ నూనె బిస్కెట్‌ను జిడ్డుగా చేస్తుంది. మైదా ఆ నూనెను ముందే పీల్చుకుంటుంది, అందుకే రెండు స్పూన్లు కలపమన్నది. తర్వాత జల్లెడ పట్టండి. బాదం ఇష్టమైతే అదే తూకానికి బాదం వేసుకోవచ్చు, వేయించే పని లేదు. ఇంకో మాట, వేరుశనగ పడని పిల్లలు ఉంటారు. ఎవరింటికి పంపినా ఇందులో చెనక్కాయలు ఉన్నాయని నోటితో చెప్పి ఇవ్వండి.

ఇప్పుడు వెన్న. మొత్తం వంటలో పట్టుబట్టి చూసుకోవాల్సింది దీన్నే. చలి దేశాల వంటల్లో వెన్నను గంటసేపు బయట పెట్టమంటారు. మన దగ్గర డిసెంబరులో కూడా మధ్యాహ్నం 28, 29 డిగ్రీలు ఉంటుంది, ఒవెన్ వెలిగించిన వంటింట్లో ఇంకా ఎక్కువ. గంట పెడితే వెన్న కాదు, నూనె అవుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసి చిన్న ముక్కలు కోసి పెడితే పది, పదిహేను నిమిషాలు చాలు. ఇదిగో, దగ్గరగా చూడండి. వేలితో నొక్కితే గుంట పడుతోంది, గుంట అంచు పగలడం లేదు, వేలికి జిడ్డు అంటడం లేదు. ఈ మెత్తదనం కావాలి, ఇది 18 నుంచి 20 డిగ్రీల దగ్గర ఉంటుంది. వెన్న ముక్క పైన మెరుపు కనబడిందంటే దాటిపోయినట్టే, తిరిగి ఫ్రిజ్‌లో పెట్టండి. పని తెల్లవారుజామున పెట్టుకుంటే సగం కష్టం తగ్గుతుంది. మదనపల్లె వైపు వాళ్ళకు ఆ చలి రోజంతా సాయం చేస్తుంది.

ఇంట్లో చిలికిన వెన్న వాడొచ్చా అని చానామందికి సందేహం. వద్దంటాం. ఎంత కడిగి పిండినా అందులో నీళ్ళు, మజ్జిగ ఎక్కువే ఉంటాయి. ఆ తడి మైదాకు తగిలి పిండి సాగుతుంది, కాల్చాక బిస్కెట్ ముడుచుకుని గట్టిపడుతుంది. ఆ వెన్నను కమ్మగా నెయ్యి కాచుకోండి. ఉప్పు వెన్న ప్యాకెట్టే దొరికితే విడిగా ఉప్పు వేయకండి. అయినా ఉప్పదనం కొంచెం తెలుస్తుంది, జామ్ పులుపుతో అది కలిసిపోతుంది.

వెన్న, పొడి చక్కెర కలిపి రెండు నిమిషాలు గిలక్కొట్టండి, అంతకు మించి వద్దు. కేక్‌కు కొట్టినట్టు తెల్లగా నురుగొచ్చేదాకా కొడితే గాలి చేరుతుంది, ఒవెన్‌లో ఆ గాలి పొంగి అంచులు చెదిరిపోతాయి. వెనిలా, ఉప్పు, వేరుశనగ పొడి, తర్వాత జల్లించిన మైదా. వేళ్ళ కొసలతో దగ్గరికి తీయండి. చపాతీ పిండి పిసికినట్టు పిసికితే చపాతీలాగే సాగుతుంది. పిడికిట్లో నొక్కితే ముద్దగా నిలవాలి. పగుళ్ళిస్తుంటేనే పాలు, అదీ ఒక్కో స్పూను.

చానామంది ఇక్కడే ఈ ముద్దను అట్లాగే ఫ్రిజ్‌లో పెట్టేస్తారు. గంట తర్వాత తీస్తే రాయిలాగా ఉంటుంది, వత్తబోతే పగులుతుంది, మెత్తబడేదాకా చూస్తే పైన కరిగి లోపల గట్టిగా ఉంటుంది. దీన్ని తిరగేయండి. ముందు వత్తడం, తర్వాత చల్లబరచడం. ముద్దను రెండు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని రెండు బటర్ పేపర్ల మధ్య పెట్టి 4 మిల్లీమీటర్ల మందంలో వత్తండి. రెండు పక్కలా 4 మిల్లీమీటర్ల చెక్క పట్టీలు పెట్టి, అప్పడాల కర్ర వాటి మీద దొర్లేట్టు చూసుకుంటే మందం అంతటా ఒక్కటిగా వస్తుంది. పొడి మైదా చల్లే అవసరమే ఉండదు. పేపర్లతో పాటే పెద్ద స్టీలు పళ్ళెంలో పెట్టి ఫ్రిజ్‌లో 40 నిమిషాలు.

కట్టర్ లేకపోతే అంచు పల్చగా ఉన్న స్టీలు గ్లాసు చాలు. నక్షత్రం అచ్చు చిన్నది, 2 సెంటీమీటర్లది, బేకరీ సామాన్లు అమ్మే అంగట్లో దొరుకుతుంది. కోశాక అంచు చూడండి. కత్తితో కోసినట్టు నిటారుగా ఉంటే పిండి సరైన చల్లదనంలో ఉంది. కట్టర్ ఎత్తేటప్పుడు అంచు దానితో పాటు సాగి వస్తోందా, ఆపేయండి. ఫ్రీజర్‌లో 5 నిమిషాలు పెట్టి మళ్ళీ మొదలుపెట్టండి. ఇంకో చిన్న కిటుకు. పై బిస్కెట్‌కు నక్షత్రం బల్ల మీద కోయొద్దు. గుండ్రటి బిస్కెట్‌ను ముందు ట్రేలో పెట్టి, అక్కడే నక్షత్రం కోసి తీసేయండి. చిల్లు పడ్డాక ఎత్తితే అది కోడిగుడ్డులాగా సాగుతుంది, కింది బిస్కెట్‌తో జత కుదరదు. మిగిలిన ముక్కలు కలిపి రెండుసార్ల వరకు వత్తుకోవచ్చు, మూడోసారికి గట్టిపడతాయి. కోసిన ట్రేను పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టి, నేరుగా ఒవెన్‌లోకి.

ఓటీజీ, అంటే కరెంటు కడ్డీలతో నడిచే చిన్న ఒవెన్ అయితే, పైన కింద రెండు కడ్డీలూ వేసి, 160 డిగ్రీల దగ్గర 15 నిమిషాలు ముందే వేడిచేయండి. నడిమి అరలో ఒకసారికి ఒక ట్రే. చిన్న ఓటీజీల్లో తిప్పుడు బొత్తాం చెప్పే అంకె నమ్మలేం, లోపల పది, ఇరవై డిగ్రీలు తేడా ఉండొచ్చు. లోపల వేలాడదీసే థర్మామీటర్ పెట్టుకుంటే ఏడాదంతా పనికొస్తుంది. పై బిస్కెట్లు ఒక ట్రే, కింది బిస్కెట్లు ఇంకో ట్రే, రెండూ కలపొద్దు. చిల్లున్న బిస్కెట్‌కు లోపల నుంచి కూడా సెగ తగులుతుంది కాబట్టి 11, 12 నిమిషాల్లో అయిపోతుంది, చిల్లు లేనిదానికి 13, 14 పడుతుంది. కలిపి పెడితే ఒకటి మాడుతుంది, లేదా ఇంకోటి పచ్చిగా ఉంటుంది. 8 నిమిషాల దగ్గర ట్రేను ముందు వెనక్కి తిప్పండి. అంచు లేత బంగారు రంగుకు రావాలి, నడుమ తెల్లగానే ఉండాలి. తీసినప్పుడు మెత్తగా ఉందని మళ్ళీ లోపల పెట్టొద్దు, చల్లారితే గట్టిపడుతుంది. ఐదు నిమిషాలు ట్రేలోనే వదిలి, తర్వాత జాలీ మీదికి మార్చండి. రెండో విడత పిండిని వేడి ట్రేలో మాత్రం పెట్టకండి, ఒవెన్‌లోకి పోకముందే కింద కరిగి పాకుతుంది.

బిస్కెట్లు చల్లారేలోపు జామ్. తోతాపురి గుజ్జు 200 గ్రాములు, చక్కెర 100 గ్రాములు, నిమ్మరసం 10 గ్రాములు, అంటే రెండు టీస్పూన్లు. డబ్బా మీద చదవండి, గుజ్జులో చక్కెర ముందే కలిపి ఉంటే మనం వేసేది 80 చాలు. అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకుని, ఖాళీ గిన్నె తూకం ముందే రాసిపెట్టుకోండి. మొత్తం 310 గ్రాములతో మొదలవుతుంది, అది 190, 195 గ్రాములకు రావాలి. మధ్య మధ్యలో గిన్నెతో సహా కాటా మీద పెట్టి చూడటమే, కింద చెక్క ముక్క వేసి ముందు సున్నా చేసుకోండి, కాటాకు వేడి తగలదు. కంటితో అంచనా కంటే ఇది నూరుపాళ్ళు నమ్మకం. థర్మామీటర్ ఉంటే నీళ్ళు మరిగే వేడికి 4 నుంచి 5 డిగ్రీలు పైన ఆపండి. తిరుపతిలో అది 104 దగ్గర. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ నీళ్ళే 98 లోపు మరుగుతాయి, 102 దగ్గరే దించేయాలి. 104 దాకా చూస్తే జామ్ కాదు, తాండ్ర అవుతుంది. చిక్కబడేకొద్దీ మామిడి గుజ్జు బుడగలు పగిలి చేతి మీద చిందుతుంది, పొడుగు గరిటె వాడండి, పిల్లలను దూరంగా ఉంచండి.

రొట్టెకు రాసే జామ్ కంటే ఇది గట్టిగా ఉండాలి. జామ్ పల్చగా ఉంటే అందులో తడి రాత్రికి రాత్రి బిస్కెట్‌లోకి దిగుతుంది, తెల్లారేసరికి మెత్తటి రొట్టెలాగా అయిపోతుంది. పైగా మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, గాలిలోనే తేమ. అంగడిలో కొన్న జామ్ వాడేవాళ్ళు కూడా దాన్ని ఒకసారి ఐదు నిమిషాలు కాచి చిక్కబరచండి.

జత చేసేటప్పుడు పై బిస్కెట్లను విడిగా పరిచి, వాటి మీద పొడి చక్కెర ముందే జల్లండి. జామ్ పెట్టాక జల్లితే కిటికీలో చక్కెర పడి కరిగి మసకబారుతుంది. వానపట్టిన రోజైతే 100 గ్రాముల పొడి చక్కెరకు ఒక టీస్పూను కార్న్‌ఫ్లోర్, అంటే తెల్లటి మొక్కజొన్న గంజిపొడి కలపండి. కింది బిస్కెట్‌ను తిరగేసి, ట్రేకు ఆనిన నున్నటి వైపు పైకి పెట్టి, నడుమ ఒక టీస్పూను, సుమారు 8 గ్రాముల జామ్. అంచు చుట్టూ 5 మిల్లీమీటర్లు వదిలేయండి. పై బిస్కెట్‌ను అంచులు పట్టుకుని పెట్టి, నొక్కకుండా కొంచెం తిప్పండి, జామ్ తనంతట తాను పరుచుకుని కిటికీలోకి పొంగుతుంది.

ఖాళీ బిస్కెట్లు గాలి దూరని డబ్బాలో పది రోజులు ఉంటాయి. జామ్ పెట్టినవి రెండు, మూడు రోజులు. కాబట్టి 20వ తేదీన కాల్చి, 24 సాయంత్రం జత చేయండి. చెన్నైకో బెంగళూరుకో పంపేవాళ్ళు బిస్కెట్లు ఒక డబ్బాలో, జామ్ ఒక చిన్న సీసాలో విడిగా పంపండి, అక్కడే కలుపుకుంటారు. కోసి తీసిన చిన్న నక్షత్రాలను పారేయకండి. విడిగా ఒక ట్రేలో పేర్చి 7 నిమిషాలు కాల్చండి, జామ్ గిన్నె అడుగున మిగిలినదాంట్లో అద్దుకు తినడానికి పిల్లలు ముందే నిలబడి ఉంటారు.